మన కణాల్లోనే హెచ్ఐవీని ఆపే ప్రొటీన్లు ఉంటే, అది మనకెలా సోకుతోంది?

రేపే_పరీక్ష:

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ రెండో ఏడాది చదువుతున్నాను. వైరాలజీ పేపర్లో "రెస్ట్రిక్షన్ ఫ్యాక్టర్లు" అని ఒక టాపిక్ ఉంది. క్లాసులో అరగంటలో చుట్టేశారు. నా చేతికొచ్చింది ఒకే ఒక్క పట్టిక. ఎడమవైపు మన కణంలోని ప్రొటీన్, కుడివైపు దాన్ని దెబ్బతీసే వైరస్ ప్రొటీన్. అపోబెక్3జీకి విఫ్, టెథెరిన్‌కి వీపీయూ, సామ్‌హెచ్‌డీ1కి వీపీఎక్స్. ట్రిమ్5ఆల్ఫాకి ఎదురుగా "క్యాప్సిడ్" (వైరస్ లోపలి గుల్ల) అని మాత్రం ఉంది. బట్టీ పట్టేశాను, రాయమంటే రాసేస్తాను. అర్థమైందా అంటే మాత్రం లేదు.

నా గొడవ ఇది. వైరస్‌ని ఆపడానికి కణంలోనే ఇన్ని ప్రొటీన్లు కూర్చుని ఉంటే హెచ్ఐవీ మనకి ఎలా సోకుతోంది? అవి సరిగ్గా పనిచేయవా? అపోబెక్3జీ డీఎన్ఏలో అక్షరాలు మార్చేస్తుందంటున్నారు, మరి మన డీఎన్ఏని ఎందుకు మార్చదు? ఇంకోటి, రీసస్ కోతి ట్రిమ్5ఆల్ఫా హెచ్ఐవీని ఆపుతుందట, మనది ఆపలేదట. అంటే మనది చెడిపోయిన కాపీయా?

సార్‌ని అడిగితే "పరీక్షకి పట్టిక చాలమ్మా" అన్నారు. అందుకే ఇక్కడికొచ్చాను.

మైక్రోస్కోప్_మామ:

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. మీ పట్టికకి ఇదే అర్థం :)

సరదాకి అన్నాను, ఏమీ అనుకోకండి. పాత_పిపెట్ గారు ఇటు చూస్తే బాగుండు. ఆవిడ విఫ్ మీదే పీహెచ్‌డీ చేశారు. మేడమ్, ఉన్నారా?

పాత_పిపెట్:

పిలిచారు కాబట్టి వచ్చాను మామా. ల్యాబ్ వదిలేసి చాలా ఏళ్లయింది, ఇప్పుడు పాఠాలు చెప్పుకుంటున్నాను. కానీ ఆరేళ్లు విఫ్‌తో కాపురం చేశాను కాబట్టి ఈ ఒక్క విషయం నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

రేపే_పరీక్ష, ముందు ఆ పట్టికని పక్కన పెట్టండి. అందులో ఉన్నది కథ చివరి పేజీ మాత్రమే. మొదటి పేజీ తెలిస్తే మీ మొదటి ప్రశ్నకి జవాబు దానంతటదే వస్తుంది.

1990ల మొదట్లోనే ఈ రంగంలో అందరినీ విసిగించిన ఒక వింత ఉండేది. హెచ్ఐవీలోంచి విఫ్ అనే జన్యువు తీసేస్తే, ఆ వైరస్ కొన్ని రకాల కణాల్లో హాయిగా పెరుగుతుంది, కొన్నింట్లో అస్సలు పెరగదు. ల్యాబుల్లో వాడే సీఈఎమ్-ఎస్ఎస్ కణాల్లో పెరుగుతుంది. హెచ్9 కణాల్లో పెరగదు. మనిషి రక్తంలోంచి నేరుగా తీసిన టీ కణాల్లోనూ పెరగదు. ఎందుకు? రెండే దారులు. సీఈఎమ్-ఎస్ఎస్ లోపల వైరస్‌కి సాయం చేసేది ఏదో ఉండాలి, లేదా హెచ్9 లోపల అడ్డుపడేది ఏదో ఉండాలి.

దీన్ని తేల్చిన ప్రయోగం నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. 1998లో రెండు బృందాలు వేర్వేరుగా ఆ రెండు రకాల కణాలనూ అతికించి ఒకే కణంగా చేసి చూశాయి. సాయం చేసేదే ఉంటే అతికించిన కణంలో వైరస్ బాగా పెరగాలి. పెరగలేదు. అంటే అడ్డుపడేది ఉందన్నమాట, అది ఒక్క వైపు ఉన్నా చాలన్నమాట. విఫ్ చేసే పని ఆ అడ్డుని తొలగించడం. ఆ అడ్డు ఏమిటో 2002లో షీహీ, మాలిమ్, వాళ్ల సహచరులు పట్టుకున్నారు. సీఈఎమ్ కణాల్లో ఉండి, వాటికి దగ్గరి చుట్టమైన సీఈఎమ్-ఎస్ఎస్‌లో లేని జన్యువు కోసం వెతికి తీశారు. అప్పట్లో దానికి సీఈఎమ్15 అని పేరు పెట్టారు. అదే మీ పట్టికలో మొదటి వరసలో ఉన్న అపోబెక్3జీ.

ఇక్కడ నా పరువు తీసుకునే ముచ్చట ఒకటి చెబుతాను. ల్యాబ్‌లో చేరిన కొత్త. నా పనల్లా కణాలని బతికించడం. హెచ్9, సీఈఎమ్-ఎస్ఎస్ రెండూ గుండ్రంగా ద్రవంలో తేలే కణాలు, రెండూ అదే గులాబీ రంగు మీడియంలో పెరుగుతాయి. నా కంటికి వాటి మధ్య తేడానే తెలిసేది కాదు. ఫ్లాస్కుని హుడ్‌లో పెట్టే ముందు ఆల్కహాల్ కొట్టి తుడవాలి కదా, ఒకరోజు ఆ తుడుపుకి మార్కర్ రాత మొత్తం పోయింది. రెండు ఫ్లాస్కులూ నున్నగా, ఒకేలా. గుర్తుందిలే అనుకుని మళ్లీ పేర్లు రాసేశాను. అదీ చేసిన ఘనకార్యం.

ఆ తర్వాత వాటిలోంచి కణాలు తీసి విఫ్ లేని వైరస్ ఎక్కించాం. రెండు మూడు రోజులకోసారి పైద్రవం తీసి, వైరస్ ఎంతుందో చెప్పే పీ24 ప్రొటీన్ కొలుస్తూ వచ్చాను. "హెచ్9" అని రాసున్న వెల్స్ రోజురోజుకీ ముదురు పసుపు రంగుకి వస్తున్నాయి. విఫ్ లేకుండానే హెచ్9లో వైరస్ పెరుగుతోంది! పదిరోజులు నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి, పేపర్ టైటిల్ కూడా రాసుకున్నాను. మా గైడ్ గ్రాఫు చూసి ఏమీ అనలేదు. "ఫ్లాస్కు మీద రాత నీదేనా?" అని మాత్రం అడిగారు. ఆయన మాట మీద ఆ రెండు ఫ్లాస్కుల కణాలనీ అపోబెక్3జీ యాంటీబాడీతో వెస్టర్న్ బ్లాట్ (ఆ ప్రొటీన్ ఉంటే బ్యాండ్‌గా చూపించే పరీక్ష) వేశాను. "హెచ్9" అని రాసిన చోట ఏ బ్యాండూ లేదు. పక్కన, "సీఈఎమ్-ఎస్ఎస్" అని రాసిన చోట బ్యాండ్ నల్లగా, లావుగా, నన్ను వెక్కిరిస్తున్నట్టు ఉంది.

సిగ్గు సంగతి అలా ఉంచితే, ఆ బ్లాట్ చూసినప్పుడే నాకు విషయం ఎక్కింది. ఒక్క ప్రొటీన్ ఉండటం, లేకపోవడం మీద వైరస్ చావుబతుకులు ఆధారపడ్డాయి. మీరు "అవి సరిగ్గా పనిచేయవా" అని అడిగారు కదా, విఫ్ లేని హెచ్ఐవీని అడిగితే చెబుతుంది ఎంత బాగా పనిచేస్తాయో.

ఇప్పుడు అపోబెక్3జీ వైరస్‌ని చంపే తీరు చూడండి. తానున్న కణాన్ని అది వెంటనే కాపాడదు. ఆ కణంలో కొత్త వైరస్ రేణువులు తయారవుతున్నప్పుడు చడీచప్పుడు లేకుండా వాటి లోపలికి ఎక్కి కూర్చుంటుంది. పట్టుమని పది అణువులు ఎక్కినా చాలు. రేణువు వెళ్లి ఇంకో కణంలో దిగుతుంది, తన ఆర్ఎన్ఏని డీఎన్ఏగా రాసుకోవడం మొదలుపెడుతుంది. ఆ రాతలో ఒక దశ ఉంటుంది, పాత ఆర్ఎన్ఏ కరిగిపోయి కొత్త డీఎన్ఏ ఒంటిపోగుగా ఉంటుంది. అప్పుడు లేస్తుంది మనది. ఆ పోగులో సీ కనిపించిన చోటల్లా, ముఖ్యంగా సీ పక్కన సీ ఉన్న చోట, దాన్ని యూగా మార్చేస్తుంది. దానికి జతపోగు రాసేటప్పుడు జీ రావాల్సిన చోట ఏ వచ్చి కూర్చుంటుంది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారే, వైరస్‌కి అది ఇంటిదొంగ.

నేను మొదటిసారి అలాంటి వైరస్ సీక్వెన్స్ చూసినప్పుడు సీక్వెన్సింగే చెడిపోయిందనుకున్నాను. అసలు వైరస్ కింద పెట్టి పోల్చితే తేడా ఉన్న అక్షరాలన్నీ స్క్రీన్ మీద ఎర్రగా వెలుగుతాయి, అది తట్టు పోసినట్టుంది. పారేయబోయి ఆగాను. ఎందుకంటే ఆ ఎరుపంతా ఒకే రకం. అన్నీ జీ పోయి ఏ వచ్చినవే. ఏ పోయి జీ వచ్చినది వెతికినా లేదు. మెషీన్ తప్పులు చేస్తే ఇంత నియమంగా చేయదు. పైగా టీజీజీ ఉన్న చోట్ల చాలావరకు టీఏజీ అయ్యింది. టీజీజీ అంటే ట్రిప్టోఫాన్, టీఏజీ అంటే ప్రొటీన్ తయారీ ఆపెయ్యమన్న గుర్తు. తొమ్మిది వేల ఏడు వందల చిల్లర అక్షరాల జీనోమ్‌లో ఇలా అడుగడుక్కీ "ఆపు, ఆపు" అని రాసి ఉంటే ఇక ఆ వైరస్ ఏం బతుకుతుంది?

విఫ్ ఏం చేస్తుందంటే, అపోబెక్3జీని రేణువులోకి ఎక్కకముందే పట్టిస్తుంది. తనకి సొంతంగా ఏ ఆయుధమూ లేదు, అంతా మన సామానే వాడుకుంటుంది. పనికిరాని ప్రొటీన్ల మీద యుబిక్విటిన్ ముద్ర కొట్టే కల్లిన్5 యంత్రం మన కణంలోదే. విఫ్ నిలబడటానికి ఆనుకునే సీబీఎఫ్-బీటా మనదే. ముద్ర పడ్డాక ముక్కలు చేసే ప్రొటియాసోమ్ కూడా మనదే. విఫ్ చేసేదల్లా ఒక చేత్తో అపోబెక్3జీనీ ఇంకో చేత్తో ఆ యంత్రాన్నీ పట్టుకుని దగ్గరికి చేర్చడం. పెళ్లిళ్ల పేరయ్య పని, పెళ్లి మాత్రం చావుది.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకి నా జవాబు: మన ప్రొటీన్లు చేతకానివి కావు. వాటి ముందు ఓడిపోయిన వైరస్‌లు మనకి జబ్బుగా రాలేదు, కాబట్టి మీ సిలబస్‌లోకీ రాలేదు. మీరు చదువుతున్నది మన ఇంటి తాళాలకే మారుతాళాలు చేయించుకున్న ఒకదాని గురించి.

రెండో ప్రశ్నా, ట్రిమ్5ఆల్ఫా సంగతీ రేపు రాస్తాను. వేళ్లు నొప్పి.

రేపే_పరీక్ష:

మేడమ్, ఇది రెండుసార్లు చదివాను. ఒంటిపోగు అన్న మాట దగ్గర ఆగాను. మన డీఎన్ఏ జంటపోగు కాబట్టి దాని జోలికి రాదా? రెండో ప్రశ్నకి జవాబు అదేనా?

(లేబుల్ సంగతి చదివాక నా ఫ్లాస్కులకి మూత మీద, పక్కన, అడుగున మూడు చోట్లా రాసొచ్చాను.)

మైక్రోస్కోప్_మామ:

మేడమ్ వచ్చేలోపు టెథెరిన్ గురించి నేను చూసింది చెప్పేస్తా, అది నా కంటితో చూసింది కాబట్టి.

నాది ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ పని. ఎవరు ఏ శాంపిల్ తెచ్చినా ఫొటో తీసివ్వడమే, లోపలి జీవశాస్త్రం నాకు అంతంతమాత్రం. ఒకసారి వీపీయూ లేని హెచ్ఐవీ పెరుగుతున్న కణాలు తెచ్చారు. మామూలుగా అయితే కణం అంచున అక్కడొకటి ఇక్కడొకటి రేణువు మొలుస్తూ కనిపిస్తుంది. ఇక్కడ గుత్తులు. తయారైపోయిన, గుండ్రటి, నిండు రేణువులు కణం పైపొరకి, ఒకదానికొకటి తగులుకుని వేలాడుతున్నాయి. తయారైనా ఇల్లు వదల్లేకపోతున్నాయి. శాంపిల్ తెచ్చినమ్మాయి చెప్పింది, టెథెరిన్ ప్రొటీన్ ఒక కొస కణం పొరలో గుచ్చుకుని, ఇంకో కొస రేణువు పొరలో గుచ్చుకుని తాడులా పట్టేసుకుంటుందని. 2008లో బయటపడిన విషయమట. వీపీయూ ఉంటే ఆ తాడుని పైపొర మీద లేకుండా చేస్తుంది, రేణువులు వదిలిపోతాయి.

ఆ ఫొటో చాలా రోజులు నా డెస్క్ మీద అంటించి పెట్టుకున్నాను. చూసినవాళ్లు ఏదో కాయల ఫొటో అనుకునేవారు.

పాత_పిపెట్:

మామా, ఆ కథకి ముందు భాగం నేను కలుపుతాను, ఎందుకంటే రేపే_పరీక్ష పట్టికలో అది దొరకదు. హెచ్ఐవీ-1 చింపాంజీల వైరస్ నుంచి వచ్చింది. చింపాంజీ టెథెరిన్‌ని ఆ వైరస్ వీపీయూతో కాదు, నెఫ్ అనే ఇంకో ప్రొటీన్‌తో లొంగదీసుకుంటుంది. నెఫ్ పట్టుకునేది టెథెరిన్ తోకలో కణం లోపలివైపున్న ఒక చిన్న భాగాన్ని. మనుషుల టెథెరిన్‌లో సరిగ్గా ఆ భాగంలోనే ఐదు అమైనో ఆమ్లాలు లేవు. హెచ్ఐవీ పుట్టకముందు ఎప్పుడో పోయాయి. దాంతో మనుషుల్లోకి దూకిన వైరస్‌కి నెఫ్ చేతికి పట్టు దొరకలేదు. ప్రపంచమంతా పాకిన ఎమ్ గ్రూపు హెచ్ఐవీ ఆ పనిని వీపీయూకి అప్పజెప్పుకుంది. హెచ్ఐవీ-2 అనే ఇంకో రకానికి అసలు వీపీయూ లేదు, అది తన పైపొర మీదుండే ఎన్వలప్ ప్రొటీన్‌తోనే ఆ పని కానిస్తుంది. ఒకే తాళం, మూడు రకాల మారుతాళాలు. బట్టీ పట్టినవాళ్లకి ఇది గజిబిజి. ఇది నచ్చినవాళ్లు వైరాలజీ వదిలిపోరు.

ఇక బాకీ ఉన్న ప్రశ్నలు.

మన డీఎన్ఏ జోలికి ఎందుకు రాదు: మీరు పట్టుకున్నది సగం జవాబు. జంటపోగుని అది ముట్టుకోలేదు, నిజమే. దాంతోపాటు అపోబెక్3జీ ఉండేది సైటోప్లాజంలో, మన డీఎన్ఏ ఉండేది కేంద్రకంలో. ఒకవేళ మన డీఎన్ఏలో ఎక్కడైనా యూ వచ్చినా దాన్ని ఏరిపారేసి బాగుచేసే ఎంజైమ్ ఉంది. కానీ నిశ్చింతగా కూర్చోకండి. 22వ క్రోమోజోమ్ మీద ఈ అపోబెక్3 జన్యువులు ఏ, బీ, సీ, డీ, ఎఫ్, జీ, హెచ్ అని ఏడు వరసగా ఉన్నాయి. వాటిలో 3బీ కేంద్రకంలోనే ఉంటుంది. కణం విభజించుకునేటప్పుడు మన డీఎన్ఏ కూడా అక్కడక్కడ కాసేపు ఒంటిపోగు అవుతుంది కదా. చాలా రకాల క్యాన్సర్లలో 3ఏ, 3బీ చేసినట్టుండే మార్పులు జీనోమ్ నిండా కనిపిస్తాయి. ఎలుకలకి ఈ కుటుంబంలో ఒకే ఒక్క జన్యువుంది, అవి దానితోనే నెట్టుకొస్తున్నాయి. మనకి ఏడు. ఆ కాపలాకి మనం కడుతున్న అద్దె చిన్నదేం కాదని నా ఉద్దేశం.

ఇప్పుడు ట్రిమ్5ఆల్ఫా. హెచ్ఐవీ కణంలోకి దిగినప్పుడు దాని జీనోమ్ చుట్టూ ఒక గుల్ల ఉంటుంది. సుమారు 1,500 క్యాప్సిడ్ ప్రొటీన్లు ఆరేసి చొప్పున జతకట్టి, అక్కడక్కడ ఐదేసి చొప్పున, ఒక శంకువు ఆకారంలో అల్లుకుంటాయి. ట్రిమ్5ఆల్ఫా ఆ అల్లికని గుర్తుపట్టి, దాని మీద తానూ అలాంటి ఆరు మూలల గళ్ల వల వేస్తుంది. ఆపైన ఆ గుల్ల వేళ కాని వేళ విచ్చిపోతుంది, లోపలి రాత పని ఆగిపోతుంది. రీసస్ కోతి కణాల్లో హెచ్ఐవీ-1ని ఆపేది ఇదేనని 2004లో స్ట్రెమ్‌లౌ, సొడ్రోస్కీ వాళ్లు తేల్చారు.

మనది చెడిపోయిందా అంటే, కాదు. మన ట్రిమ్5ఆల్ఫా ఎలుకల ల్యూకేమియా వైరస్‌లలో ఎన్ రకాన్ని బ్రహ్మాండంగా ఆపుతుంది. అదే ప్రొటీన్, అదే పద్ధతి. హెచ్ఐవీ-1 గుల్ల మీద మాత్రం దాని పట్టు వదులు. ఎంత వదులు అంటే, క్యాప్సిడ్‌ని తాకే కొసలో 332వ స్థానంలో మనకి ఆర్జినిన్ ఉంది. ఆ ఒక్కదాన్నీ ప్రోలిన్‌గా మార్చి చూస్తే మనిషి ట్రిమ్5ఆల్ఫా కూడా హెచ్ఐవీ-1ని అడ్డుకోవడం మొదలుపెట్టింది. సుమారు ఐదు వందల అమైనో ఆమ్లాల ప్రొటీన్‌లో ఒక్కటి! తాళం వేసితిని, గొళ్లెం మరిచితిని అన్న సామెత ఇలాంటి దానికే పుట్టి ఉంటుంది.

ఇలాంటి ఒక్క అక్షరం కథ అపోబెక్3జీలోనూ ఉంది. మనిషిలో 128వ స్థానంలో ఆస్పార్టిక్ ఆమ్లం, ఆఫ్రికన్ గ్రీన్ మంకీలో లైసిన్. మనదాన్ని లైసిన్‌గా మారిస్తే హెచ్ఐవీ విఫ్ దాన్ని పట్టుకోలేదు. పరీక్షలో ఇవి రెండూ రాయండి, దిద్దేవాళ్లు తల ఎత్తి చూస్తారు.

ఔల్ మంకీ సంగతి చెప్పకుండా ఉండలేను. వాటి పూర్వీకుల్లో ఎప్పుడో సైక్లోఫిలిన్ ఏ అనే ప్రొటీన్ కాపీ ఒకటి ఎగిరొచ్చి ట్రిమ్5 జన్యువు మధ్యలో పడింది. సైక్లోఫిలిన్‌కి హెచ్ఐవీ క్యాప్సిడ్‌ని పట్టుకునే గుణం ఎలాగూ ఉంది. రెండూ కలిసి ట్రిమ్‌సైప్ అయ్యింది, హెచ్ఐవీ-1ని గట్టిగా ఆపుతుంది. ఆ పిడుగు వాటి నెత్తిన పడటం వాటి అదృష్టం.

సామ్‌హెచ్‌డీ1 గురించి రెండు ముక్కలు, ఎందుకంటే మీ పట్టికలో బోర్లాపడే చోటు అదే. అది కణంలో డీఎన్ఏ రాయడానికి కావాల్సిన ముడిసరుకుని, అంటే డీఎన్‌టీపీలని ముక్కలు చేసి వైరస్‌ని మాడ్చేస్తుంది. దాన్ని తొలగించే వీపీఎక్స్ ఉన్నది హెచ్ఐవీ-2లో, కొన్ని కోతి వైరస్‌లలో. హెచ్ఐవీ-1లో లేదు! ఆ మాట పట్టికలో ఉండదు, ప్రశ్నపత్రంలో ఉంటుంది. హెచ్ఐవీ-1 విభజన చెందుతున్న టీ కణాల్లో బతికేస్తుంది, అక్కడ సామ్‌హెచ్‌డీ1 ఫాస్ఫేట్ తగిలించుకుని వైరస్‌ని అడ్డుకోకుండా ఊరుకుంటుంది కాబట్టి.

ఇంకో వరస మీరే కలుపుకోండి: సెరింక్5, దానికి ఎదురు నెఫ్. 2015లో వచ్చింది. నెఫ్ లేకపోతే రేణువులకి సోకే శక్తి తగ్గుతుందని 1990ల నుంచీ అందరికీ తెలుసు, ఎందుకో తెలియడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

ఆరోగ్యమే_భాగ్యం:

చాలా బాగా చెప్పారు మేడమ్. నేను సైన్స్ చదువుకోలేదు కానీ ఒక అనుమానం. ఈ ప్రొటీన్లని ఒంట్లో పెంచుకుంటే హెచ్ఐవీ రాదు కదా? ఇమ్యూనిటీ పెంచే టాబ్లెట్లు, పొడులు అమ్ముతున్నారు, వాటితో ఇవి పెరుగుతాయా?

పాత_పిపెట్:

అండీ, ఆ పొడులతో ఇవి పెరుగుతాయని చూపించినవాళ్లు నాకు తగల్లేదు. ఇవి నిజంగా పెరిగేది ఇంటర్‌ఫెరాన్ వల్ల. వైరస్ వాసన తగలగానే కణాలు వదిలే హెచ్చరిక అది, టెథెరిన్ లాంటివి దానితో బాగా పెరుగుతాయి. జ్వరం వచ్చినప్పుడు ఒళ్లంతా నొప్పులు పుట్టేది కూడా చాలావరకు దాని వల్లే. మరి అదే ఇంజెక్షన్‌గా ఇస్తే? కోతుల మీద చేసి చూశారు, 2014లో వచ్చింది. రీసస్ కోతులకి ముందుగా ఇంటర్‌ఫెరాన్ ఇచ్చి కోతి వైరస్ ఎక్కిస్తే మొదట్లో బాగానే కాపాడింది, మామూలుగా కన్నా ఎక్కువసార్లు వైరస్ ఇస్తేగానీ సోకలేదు. ఇంజెక్షన్లు అలాగే కొనసాగించేసరికి కణాలు దానికి అలవాటుపడి స్పందించడం మానేశాయి. చివరికి వాటికి సీడీ4 కణాలు (ఈ వైరస్ దాడిచేసే టీ కణాలు) ఇంకా ఎక్కువ పోయాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు. అపోబెక్ కుటుంబాన్ని పెంచితే ఏమవుతుందో, క్యాన్సర్ సంగతి పైన రాశాను.

హెచ్ఐవీ ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్కటే మాట: మీ మందులు మీరు ఆపకండి. నేను రాసిందంతా కణం లోపలి కథ, చికిత్స కాదు.

రేపే_పరీక్ష:

మేడమ్, మరి ఇంత తెలుసుకుని మందు ఒక్కటీ రాలేదా? విఫ్‌ని ఆపేసే మందు చేస్తే మన అపోబెక్3జీనే మిగతా పని చూసుకుంటుంది కదా?

పాత_పిపెట్:

ఆ ఆలోచన మీకే కాదు, 2002 తర్వాత ఈ రంగంలో ఉన్న అందరికీ వచ్చింది, నాకూ వచ్చింది. విఫ్‌ని అడ్డుకునే రసాయనాలు ల్యాబ్‌లో చాలానే చూశారు, వాడకంలోకి వచ్చిన మందు మాత్రం లేదు. ఒక పెద్ద చిక్కు ఏమిటంటే, విఫ్ ఎంజైమ్ కాదు. ఎంజైమ్‌కైతే ఒక గుంట ఉంటుంది, అందులో మందు ఇరికించొచ్చు. ఇది రెండు ప్రొటీన్లని అతికించే వెడల్పాటి చెంప లాంటిది. చిన్న అణువుతో దాన్ని కప్పడం కష్టం.

కానీ ట్రిమ్5ఆల్ఫా గురిపెట్టే క్యాప్సిడ్ గుల్ల మీదకే ఒక మందు వచ్చింది. లెనకాపవిర్. అది ట్రిమ్‌ని చూసి తయారుచేసింది కాదు, పనిచేసే తీరూ వేరు, గురి మాత్రం అదే గుల్ల. క్యాప్సిడ్ ప్రొటీన్ల సందులో దూరి గుల్లని బిగదీసేస్తుంది, సరైన వేళకి విచ్చుకోనివ్వదు, కొత్త గుల్లల్ని సరిగా అల్లుకోనివ్వదు. ఆరు నెలలకి ఒకసారి ఇంజెక్షన్. మిగతా మందులకి లొంగని హెచ్ఐవీకి 2022లో అనుమతి వచ్చింది, సోకకుండా ముందే తీసుకోవడానికి అమెరికాలో 2025లో. కోతి కణాలు లక్షల ఏళ్లుగా గుల్ల మీదే దెబ్బ కొడుతున్నాయి. మనం అక్కడికి చేరడానికి కాస్త ఆలస్యమైంది.

రేపే_పరీక్ష:

పరీక్ష అయిపోయింది, పట్టికే అడిగారు :( వీపీఎక్స్ పక్కన హెచ్ఐవీ-2 అని రాసొచ్చాను.

కానీ మేడమ్, నిన్న రాత్రి ఒక పని చేశాను. సీక్వెన్స్ డేటాబేస్‌లోంచి హైపర్‌మ్యుటేషన్ (అక్షరాలు అతిగా మారిపోవడం) అని గుర్తుపెట్టిన హెచ్ఐవీ సీక్వెన్స్ ఒకటి దించుకుని, మామూలుదాని కింద పెట్టి చూశాను. మీరన్న తట్టు కనిపించింది! గుల్ల ప్రొటీన్లకి మూలమైన గ్యాగ్ జన్యువు మొదట్లో మామూలుదానిలో ఏటీజీ జీజీటీ అని ఉంది. చెడిపోయినదానిలో ఏటీఏ ఏజీటీ అని ఉంది. ప్రొటీన్ మొదలుపెట్టమనే ఏటీజీనే పోయింది కదా, అంటే గ్యాగ్ తయారవ్వదు. ఇంతవరకు అర్థమైంది. వరసగా మూడు జీలు ఉన్నాయి, రెండే మారాయి, మూడోది అలాగే ఉంది. దాన్నెందుకు వదిలేసింది?

పాత_పిపెట్:

మూడో జీ పక్కన ఏముందో చూడండి.

రేపే_పరీక్ష:

టీ ఉంది.

ఓహ్. జీ పక్కన జీ ఉంటేనే. ఎదుటి పోగులో సీ పక్కన సీ. మొదటి రెండింటికీ పక్కన జీ ఉంది, మూడోదానికి లేదు!

పాత_పిపెట్:

అదే. ఇప్పుడు ఆ సీక్వెన్స్‌లోనే జీ పక్కన ఏ ఉన్న చోట్ల మారినవి ఉన్నాయేమో లెక్కపెట్టండి. అవి ఎక్కువుంటే ఆ పని 3జీది కాదు, దాని తోబుట్టువులు 3ఎఫ్, 3డీ, 3హెచ్‌లలో ఎవరిదో. లెక్క ఎంతొచ్చిందో ఇక్కడ రాయండి.

రేపే_పరీక్ష:

కూర్చున్నాను అక్కా. ఫైల్ పేరు ఈసారి రెండుసార్లు చూసుకునే తెరిచాను.